రావియా విన్న క్యాసెట్లు

పక్కవాళ్ల సంగతులంటే చెవి కోసుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ చెవినే నమ్ముకుని బతకాలనుకున్న మనిషి మాత్రం, నాకు తెలిసి, మా జగాజిగ్‌లో రావియా ఒక్కతే.

కోర్టు వెనక సందులో ఒక ముసలి లాయరు దగ్గర ఆమె చాలా ఏళ్లు అర్జీలు టైపు చేసింది. మొగుడి మీద పెళ్లాం, అన్న మీద తమ్ముడు, కాలువ గట్టున చెట్టు కొట్టేసినవాడి మీద చెట్టు తనదన్నవాడు, ఇలా ఊళ్లో గొడవలన్నీ ఆమె వేళ్ల మీదుగానే కోర్టు మెట్లెక్కేవి. చెప్పింది టైపు చేయడం వరకే ఆమె పని. కానీ సంతకం పెట్టడానికి వచ్చినవాళ్లను పట్టుకుని, "ఇంతకీ ఆ గేదె ఎవరింటికి చేరిందండీ?" అని అడగకుండా పంపేది కాదు. "నీకెందుకమ్మా అవన్నీ?" అని లాయరు కసిరేవాడు. వాళ్లు మెట్లు దిగగానే ఆయనే కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఏమన్నారు?" అని అడిగేవాడు.

ఆ లాయరు పని మానేసి అలెగ్జాండ్రియాలో కూతురి దగ్గరికి వెళ్లిపోవడంతో రావియా ఇంట్లో కూర్చుంది. ఆమెకప్పుడు నలభైకి దగ్గర. పెళ్లి ఒకసారి అయింది, నిలవలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు కనుక నేనూ చెప్పను. అందరి కథలూ కావాలనే మనిషి తన కథ మాత్రం బయటపెట్టకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇంట్లో తల్లి హాజ్జా తఫీదా, ఆమె, అంతే. తమ్ముడు వగ్దీకి స్టేషను దగ్గర పాత కంప్యూటర్ల దుకాణం ఉంది. ఇంటి నుంచే పని చేసుకునే ఫ్రీలాన్సర్ల సంగతి, ఇంటర్నెట్‌లో పనులు దొరికే ప్లాట్‌ఫామ్ సంగతి అక్కకు చెప్పింది వాడే. రమదాన్ మొదలైన రోజున దుకాణంలోంచి ఒక లాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"ఇదిగో అక్కా, ఈ నెలంతా ఇది నీది. పండుగ ముందు రోజుకి ఒక్క పని పూర్తిచేసి, నీ పేరు కింద ఒక్క రివ్యూ చూపించు. ఇక ఇది నీ దగ్గరే ఉంటుంది. లేదంటే కంటి డాక్టరుగారికి మాటిచ్చాను, పట్టుకెళ్లి ఇచ్చేస్తాను."

"ఇచ్చేస్తే నేనేం చెయ్యాలి?"

"బిస్కెట్ల ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకుంటున్నారట. పొద్దున్నే బస్సొస్తుంది."

ఆ ఫ్యాక్టరీ రావియా ఒకసారి చూసింది. యంత్రాల హోరులో మనిషి మాట మనిషికి వినపడదు. ఆడవాళ్లు చెవుల్లో దూది పెట్టుకుని, పొద్దస్తమానం పెట్టెలు కట్టి, అదే బస్సులో అలాగే మూగగా తిరిగొస్తారు. కష్టానికి ఆమె జంకే మనిషి కాదు. ఒక్క మాటైనా చెవిన పడని బతుకును తలుచుకుంటేనే ఆమెకు గుండెల్లో రాయి పడేది.

సరే, ప్రొఫైల్ పెట్టింది. అరబీ టైపింగు, విన్నది రాసిపెట్టడం. కనిపించిన పనికల్లా దరఖాస్తు పెట్టింది. ఇంగ్లీషు అంతంతమాత్రం కనుక ఆ మార్చే పనేదో యంత్రమే చూసుకునేది. ఎవరూ పలకలేదు. రివ్యూలు లేనివాళ్లకు పని ఇవ్వరు, పని చేయనివాళ్లకు రివ్యూ రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న చందం. ఆమె దరఖాస్తుల కింద వేలకు వేలు రివ్యూ చుక్కలు మెరిసేవాళ్ల పేర్లుండేవి. వాళ్లెవరో, ఏ ఊళ్లో కూర్చుని పనిచేస్తున్నారో, వాళ్లకు మొదటి చుక్క ఎవరు పెట్టారో అని ఆరాలు తీస్తూ నెలవారీ ఇంటర్నెట్ ప్యాకేజీ సగం తగలేసింది.

అప్పుడు కనిపించింది ఆ ప్రకటన. ఆస్ట్రేలియాలో మెలీసా హిందావీ అనే అమ్మాయి పెట్టింది. తాత షహాతా హిందావీ మా దేశంవాడే, మనూఫియా వైపు పల్లె. పొట్ట చేత్తో పట్టుకుని ఇరాక్ వెళ్లిన కాలంలో పెళ్లానికి ఉత్తరాలకు బదులు క్యాసెట్లు నింపి పంపేవాడు. వాటిలో రెండు, తన తండ్రి ఫౌజీ పోయాక బీరువాలో దొరికితే కంప్యూటర్లోకి ఎక్కించిందట. మెలీసాకు అరబీ ముక్క రాదు. విన్నది విన్నట్టు టైపు చేసిస్తే చాలు, ఇంగ్లీషులోకి మార్చుకునే దారి తను చూసుకుంటుంది. ముందు ఒక క్యాసెట్.

మిగతావాళ్లంతా తామెంత ఘనులో రాసుకున్నారు. రావియా ప్రశ్నలు రాసింది. మీ తాత అక్కడ ఏం పని చేసేవారు? గదిలో ఒక్కరే ఉండేవారా? మీ నాన్నకు అప్పుడెంత వయసు? క్యాసెట్ ఎవరి చేత పంపేవారు? సాయంత్రానికి జవాబు వచ్చింది: "నాకూ ఇవేవీ తెలియవు. తెలుసుకోవాలనుకున్నది మీరొక్కరే. పని మీదే."

రావియా కుర్చీలోంచి లేచి తల్లిని గట్టిగా కావలించుకుంది. తల్లి చేతిలో పప్పు చాట ఉండటంతో గదంతా పప్పయింది.

మొదటి క్యాసెట్‌లో ఒక వైపు మొత్తం సలాములే. ఒక గదిలో కుక్కిన పనివాళ్లంతా వరసగా వచ్చి మాట్లాడారు. నేను ఫలానా, మా అమ్మకు సలాము, మా పెదనాన్నకు సలాము, మా గాడిదను అమ్మొద్దని చెప్పండి, అని. ఒకడు దగ్గుతాడు, ఒకడు గ్లాసు కింద పెడతాడు, ఒకడు నా వంతు నా వంతు అంటాడు. రావియా అన్నీ రాసింది. చివరికి షహాతా గొంతు వచ్చింది.

"ఫౌజీ వాళ్లమ్మా, వింటున్నావా? నేను బాగున్నా. ఇక్కడ ఇటుకల బట్టీ. ఎండ మన ఎండలాంటిదే, నీళ్లే మన నీళ్లు కావు. పైకప్పు వేయించావా? గేదె ఈనిందా? ఏ దూడ?"

ఎంతసేపు మాట్లాడినా 'ఫౌజీ వాళ్లమ్మా' అంటాడే గానీ పెళ్లాం పేరు ఎత్తడు. పదిమంది మగాళ్ల మధ్య ఎత్తడు మరి. ఆ పేరేమిటో తెలుసుకోవాలని రావియాకు ప్రాణం కొట్టుకుంది. దూడ ఏదో తెలుసుకోవాలని కూడా. రోజంతా అదే ధ్యాస. ఉపవాసం విప్పే వేళకు బల్ల దగ్గర కూర్చుని, ఖర్జూరం నోట్లో పెట్టుకోకుండా, "అమ్మా, పెయ్యదూడ అయ్యుంటుందంటావా?" అని అడిగింది.

"మనూఫియా వాళ్ల గేదె కదే, దూడను కూడా లెక్కచూసుకునే ఈని ఉంటుంది," అంది తల్లి. మావాళ్లకు మనూఫియా వాళ్ల పిసినారితనం మీద జోకు వేయనిదే ముద్ద దిగదు.

పని పూర్తిచేసి పంపింది. మెలీసా పొంగిపోయింది. మా నాన్నను పేరు పెట్టి పిలిచిన గొంతు ఇదేనా అని రాసింది. చివర్న, "ఇప్పుడు డబ్బు విడుదల చేస్తున్నాను, మీకు సమ్మతమేనా?" అని అడిగింది.

ఇక్కడే రావియా కొంప ముంచుకుంది. తండ్రిలేని పిల్ల, తాత గొంతు మొదటిసారి విన్న పిల్ల. అలాంటి పిల్ల డబ్బు సంగతి ఎత్తితే మావాళ్ల నోటికి ఒకే మాట వస్తుంది. టాక్సీవాడైనా, కూరలవాడైనా, మంగలైనా ముందుగా అనే మాటే. "ఖల్లీ. ఉండనివ్వండమ్మా, మన మధ్య డబ్బేమిటి, ఇది మా మీద ఉండనివ్వండి." టాక్సీవాడు అలా అన్నాడని దిగి వెళ్లిపోయినవాడు మా ఊళ్లో ఇంతవరకూ పుట్టలేదు. అతను వద్దంటాడు, మనం కాదంటాం, అతను ఒట్టు పెడతాడు, మనం జేబులో కుక్కుతాం. రావియా అదే మాట రాసింది. రాసి, మెలీసా కాదనడం కోసం ఎదురుచూసింది.

మెలీసా కాదనలేదు. "ఇంత మంచితనం నేనెక్కడా చూడలేదు, జన్మలో మరిచిపోను" అని రాసి, పూల బొమ్మలు పెట్టి, కాంట్రాక్టు రద్దు చేసి వెళ్లిపోయింది.

డబ్బు చేతులు మారని పనికి ప్లాట్‌ఫామ్ మీద రివ్యూ ఉండదు. పని జరిగినట్టే ఉండదు. రావియా పేరు కింద మళ్లీ సున్నా.

సాయంత్రం వగ్దీ వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఆస్ట్రేలియా పిల్లకి ఖల్లీ అంటావా అక్కా? ఆమెకేం తెలుస్తుంది?"

"అందరికీ తెలుస్తుందనుకున్నానురా... డబ్బు మాటెత్తితే ఏమనాలి మరి? ఇటు పడెయ్ అనాలా?"

"అవుననాలి! అవునన్న ఒక్క ముక్క! ఊరికే అన్నారా మనవాళ్లని, ఉపవాసం వేళకి రైలు ఆగితే రైలునంతా భోజనానికి పిలిచిన జిల్లా అని. ఆ రైలును పిలిచిందే నువ్వయ్యుంటావు!"

"పిలవక? ఆకలితో ఉన్నవాళ్లని వెళ్లిపొమ్మంటారా?" అంది తల్లి, అదేదో నిన్న జరిగినట్టు.

"ఇప్పుడు రాయి. పొరపాటైంది, డబ్బు కావాలి అని రాయి."

"నేను రాయను," అంది రావియా. "నోటితో వద్దన్నదాన్ని చేత్తో అడుక్కోను."

"అడగందే అమ్మైనా పెట్టదు."

"నేనెప్పుడు పెట్టలేదురా?" అని తల్లి అటునుంచి లేచింది. ఆ గొడవ అక్కడ నుంచి వేరే దారి పట్టి, వగ్దీ భోంచేయకుండా వెళ్లబోయి, భోంచేసే వెళ్లాడు.

రావియాకు నిజంగా ఏడుపు వచ్చింది. చుక్క పోయింది. దానికి తోడు గేదె ఏ దూడను ఈనిందో, ఆ ఇల్లాలి పేరేమిటో ఇక ఎప్పటికీ తెలియదు. రెంటిలో ఏది ఎక్కువ బాధో ఆమెను అడిగితే చెప్పలేకపోయేది.

పండుగ ఇంకా నాలుగైదు రోజులుందనగా మెలీసా మళ్లీ పలికింది. "మీలాంటి మనిషిని మళ్లీ అడగడానికి సిగ్గుగా ఉంది. మీకు తీరిక ఉంటేనే, రెండో క్యాసెట్ వింటారా?" కాంట్రాక్టు లేదు, ఏమీ లేదు. పుణ్యానికి చేసే మనిషి అనుకుంది మరి.

"చెయ్యకు," అన్నాడు వగ్దీ ఫోన్‌లో.

"దూడ సంగతి ఉంటుందేమోరా," అంది రావియా, అప్పటికే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటూ.

రెండో క్యాసెట్‌లో సలాములు లేవు. గది నిశ్శబ్దంగా ఉంది. తక్కిన వాళ్లు పనికి వెళ్లినట్టున్నారు. షహాతా చాలా మెల్లగా, "జకియ్యా" అన్నాడు.

రావియా అక్కడ ఆపేసింది. లేచి వెళ్లి కిటికీ తెరిచి, మళ్లీ మూసి, వచ్చి కూర్చుంది. ఆ పేరు వినకూడనిదేదో విన్నట్టు, అయినా వినడం తనకే దక్కినట్టు అనిపించింది.

పెయ్యదూడే. అది విని పైకే "అల్‌హందులిల్లా" అంది. పైకప్పు సగమైంది. బడికి వెళ్లే ఫౌజీకి దర్జీ మెత్వల్లీ చొక్కా కుట్టాడు. అక్కడ షహాతా గొంతు ఒక్కసారి లేచింది.

"మెత్వల్లీ డబ్బులొద్దన్నాడని చెప్పించావు. వద్దన్నాడని వచ్చేశావా? ఆ మాట నమ్మేశావా నువ్వు? వద్దనడం ఆయన మర్యాద. ఇవ్వడం మన మర్యాద. ఆయన పిల్లలు మర్యాద తిని బతుకుతారా? వెళ్లు. మళ్లీ ఇయ్యి. వద్దంటే మళ్లీ ఇయ్యి. మూడోసారి కూడా వద్దంటే మిషను మీద పెట్టేసి, వెనక్కి చూడకుండా వచ్చెయ్. ఎదటివాడి మొహమాటాన్ని పట్టుకుని చేతులు దులుపుకునే మనిషి మనింట్లో పుట్టకూడదు జకియ్యా."

రావియా చెవులు మండిపోయాయి. ఇంట్లో ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది. ఆ మాటలు తన చెవిలోనే ఉన్నాయి కనుక ఎవరూ వినలేదు.

ఇది టైపు చేసి పంపితే మెలీసా ఏమనుకుంటుంది? డబ్బు కోసం ఈవిడే కల్పించి, చచ్చినవాడి నోట్లో పెట్టిందనుకుంటుంది. అరబీ రాని పిల్ల, అడ్డంగా అనుమానించినా తప్పు పట్టడానికి లేదు. నమ్మిందే అనుకున్నా, తాత తన్నే 'మనింట్లో పుట్టకూడదు' అన్నట్టుంటుంది. పంపకపోతేనో, ఆ పిల్లకు ఉన్నవే రెండు క్యాసెట్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పక్కింటి ఉమ్ము షాదీ పండుగకు చేసే నేతి బిళ్లలు, కహ్క్‌లకు పిండి పిసకడానికి వచ్చి ఉంది. ఆమె, తల్లి కలిసి నేతిలో పిండి కలుపుతుంటే రావియా వెళ్లి సంగతంతా చెప్పింది.

"ఆ ముక్క వదిలెయ్యవే," అంది తల్లి. "అంత పొడుగు క్యాసెట్‌లో ఒక్క ముక్క పోతే ఎవరికి తెలుస్తుంది? పరువు దక్కుతుంది."

"వదిలెయ్యకే," అంది ఉమ్ము షాదీ. "ఆయన చెప్పింది న్యాయమే కదా. మా ఆయన చచ్చినా అలా చెప్పడు. ఇంతకీ ఇచ్చిందా లేదా ఆవిడ, దర్జీకి?"

"మూడో క్యాసెట్ లేదు అత్తా, తెలీదు."

"అయ్యో!" అని ఉమ్ము షాదీ పిండి చేతులతోనే నోరు మూసుకుంది.

రావియా బల్ల దగ్గరికి తిరిగి వచ్చింది. ఆమెకు భయం వేసింది, సిగ్గూ వేసింది. కానీ ఉమ్ము షాదీ ముఖం చూశాక ఒకటి మాత్రం తేటగా తోచింది. ఆ మనిషి ఆ బట్టీల్లో ఉడికిపోతూ ఎవరో దర్జీ పిల్లల ఆకలి గురించి ఆలోచించాడు. ఆ తాత అలాంటివాడని ఆ పిల్లకు చెప్పే మాట క్యాసెట్ మొత్తానికీ ఇదొక్కటే. తన పరువు కోసం దాన్ని మింగేయడం దొంగతనం. ప్రతి మాటా టైపు చేసింది. చివర ఒక్క వాక్యం చేర్చింది: "దర్జీ గురించి చెప్పిన భాగం అరబీ తెలిసిన వేరెవరిచేతైనా విని చెప్పించుకోండి." పంపేసి, లాప్‌టాప్ మూసి, వెళ్లి కహ్క్‌ల మీద చిన్న పట్టకారుతో గీతలు పెట్టడం మొదలుపెట్టింది. గీతలన్నీ వంకరగా పడ్డాయి.

జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కోపం వచ్చిందన్నమాట, అనుకుంది రావియా. బిస్కెట్ల ఫ్యాక్టరీ బస్సు ఎక్కడ ఆగుతుందో వాకబు చేసి పెట్టుకుంది.

పండుగ ముందు రోజు మధ్యాహ్నం వగ్దీ వచ్చాడు. అక్క ముఖం చూడకుండా వైరు చుట్టసాగాడు. "డాక్టరుగారు రెండుసార్లు ఫోన్ చేశారక్కా. ఏం చెయ్యను?"

"తీసుకెళ్లు. మాట మాటే," అంది రావియా. "ఒక్కసారి చూసి ఇస్తాను."

తెరిచేసరికి మెలీసా ఉత్తరం ఉంది.

"మా వీధి చివర పళ్లకొట్టు పెద్దాయనది మీ దేశమే. ఇవాళ కొట్టు తెరవగానే వెళ్లి ఆ ముక్క ఆయనకు వినిపించాను. ముందు పడిపడి నవ్వాడు. తర్వాత నన్ను చెడామడా తిట్టాడు. తిట్టి, నేను తీసుకున్న పళ్లకు డబ్బు వద్దన్నాడు. ఈసారి నేను నమ్మలేదు. రెండు క్యాసెట్లకూ కలిపి కొత్త కాంట్రాక్టు పంపాను. దయచేసి తీసుకోండి."

వగ్దీ చుట్టిన వైరు వదిలేశాడు. "నొక్కు అక్కా! ఒప్పుకున్నానని నొక్కు!"

"ఉండరా," అంది తల్లి, కహ్క్‌ల పళ్లెం పట్టుకుని వెనక నిలబడి. "అడగ్గానే నొక్కితే ఏమనుకుంటుంది? ఒక్కసారి వద్దను."

"అమ్మా, నీకు దణ్ణం పెడతా!"

రావియా వేళ్లు అప్పటికే రాసేశాయి: "ఉండనివ్వండమ్మా, మీ తాత గొంతు విన్నాను, అదే చాలు."

జవాబు వెంటనే వచ్చింది. "రెండోసారి అడుగుతున్నాను. తీసుకోండి."

"మన మధ్య డబ్బేమిటి" అని రాసింది రావియా. వగ్దీ గోడకేసి తల కొట్టుకోబోతే తల్లి పట్టుకుంది.

తర్వాత కాసేపు తెర మీద ఏమీ లేదు. ముగ్గురూ దాన్నే చూశారు. ఈ పిల్ల మళ్లీ నమ్మేసిందా అని రావియాకు భయం పట్టుకుంది. అంత ధైర్యం ఎలా చేశానురా దేవుడా అనుకుంది.

"మూడోసారి," అని వచ్చింది. "మిషను మీద పెట్టేశాను. వెనక్కి చూడను."

రావియా నొక్కింది. రెండు క్యాసెట్ల రాతనూ మళ్లీ అందులో పెట్టింది. మెలీసా అవతల మేలుకునే ఉన్నట్టుంది, పని ముగిసిందని వెంటనే చూపించింది. రావియా పేరు కింద మొదటి రివ్యూ కనిపించింది. ఎవరు చూసినా కనిపించేలా, ఇంగ్లీషులో ఉంది. వగ్దీ కూడబలుక్కుంటూ చదివి, అక్కకు చెప్పాడు. రావియా కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"ఏం రాసిందే? నాకూ చెప్పండర్రా," అంది తల్లి.

"'విన్నది విన్నట్టు రాస్తుంది, తనకు ఇబ్బందైనా సరే,' అని రాసిందమ్మా. దాని కింద, 'డబ్బు వద్దంటుంది. నమ్మకండి,' అని."

హాజ్జా తఫీదా ఆ పళ్లెం లాప్‌టాప్ పక్కన పెట్టి, "అబద్ధమేం రాయలేదు కదా," అంది.